ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో: వారమంతా ఏం చేయిస్తున్నారు?

కొత్త_టీచరమ్మ

అందరికీ నమస్తే. 2025 డీఎస్సీలో ఎస్‌జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) వచ్చి మార్కాపురం వైపు ఒక పల్లెలో చేరాను, రెండు నెలలు దాటింది. ఇద్దరు టీచర్ల బడి. హెచ్ఎం సార్ మూడు, నాలుగు, ఐదు తరగతులు చూసుకుంటారు, నాకు ఒకటి, రెండు ఇచ్చారు. ఒకటిలో పన్నెండు మంది, రెండులో తొమ్మిది మంది, అందరికీ ఒకటే గది. సార్ మీటింగ్‌కి వెళ్ళిన రోజు ఐదు తరగతులూ నావే, అది వేరే కథ.

పోయిన ఆదివారం రాత్రి కూర్చుని వారానికి సరిపడా పెద్ద ప్లాన్ రాసుకున్నా. రోజుకి మూడు కృత్యాలు, ఆరు రోజులకి పద్దెనిమిది. సొంత డబ్బులతో కలర్ ప్రింట్లు తీయించి అట్టలకి అంటించా కూడా. సోమవారం బొమ్మల కార్డులు పట్టుకుని ఒకటో తరగతి దగ్గర కూర్చుంటే రెండో తరగతి వాళ్ళు కిటికీ ఎక్కారు. వాళ్ళని దింపడానికి వెళ్తే ఇక్కడ ఒకడు కార్డు నములుతున్నాడు (నిజంగానే, ఏనుగుకి తొండం లేదిప్పుడు). గంటన్నర పట్టి తయారుచేసినవి పావుగంటలో అయిపోయాయి. బుధవారం మట్టితో అక్షరాలు చేయిస్తే యూనిఫాంలు బురదయ్యి సాయంత్రానికి ఇద్దరు తల్లులు గేటు దగ్గర నిలబడ్డారు. గురువారం సార్ లేరు. శుక్రవారానికి నా ఓపిక అయిపోయి "క గుణింతం ఐదుసార్లు రాయండి" అనేశా. గది మొత్తం నిశ్శబ్దం. నాకు హాయిగా అనిపించింది, అలా అనిపించినందుకు ఇంటికెళ్ళాక బాధేసింది.

చాలా ఏళ్ళుగా చెప్తున్నవాళ్ళు ఎవరైనా మీ వారం ఎలా ఉంటుందో చెప్తారా? పుస్తకంలో రాసినట్టు కాదు, నిజంగా జరిగేది.

పలకాబలపం

టీచరమ్మా, నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, గోదావరి జిల్లాలో, ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులే. నువ్వు చేసిన తప్పు ప్రతి కొత్త టీచరూ చేసేదే, నేనూ చేశాను. పద్దెనిమిది కృత్యాలు ఎవరికి కావాలి? పిల్లలకి కొత్త ఆట అర్థమవడానికే ఒక రోజు పడుతుంది. రెండో రోజు ఆడతారు, మూడో రోజు నుంచే అందులో ఉన్న పాఠం వాళ్ళకి పడుతుంది. నువ్వేమో వాళ్ళు ఆడటం మొదలుపెట్టేసరికి దాన్ని తీసేసి ఇంకోటి పెడుతున్నావు. వారానికి రెండు చాలు, లెక్కలకి ఒకటి, తెలుగుకి ఒకటి. ఇంకో మాట, ఇద్దరు టీచర్ల బళ్ళో "ఈ గ్రూపుకి ఏం చెప్పాలి" అనేది అసలు ప్రశ్న కాదు, "నేను ఈ గ్రూపుతో ఉన్నంతసేపూ ఆ గ్రూపు ఏం చేస్తూ ఉంటుంది" అనేదే. ప్లాన్ అక్కడి నుంచి రాసుకో.

లెక్కలకి చింతపిక్కలు. ఊళ్ళో ఎవరింట్లో అడిగినా దోసెడు ఇస్తారు. సోమవారం ఆదివారపు మత్తులో ఉంటారు, సగం మంది ఆలస్యంగా వస్తారు, ఆ రోజు కొత్త పాఠం ఎత్తుకోవద్దు. బయట గచ్చు మీద కూర్చోబెట్టి పిక్కలు ఒకవైపు అరగదీయించు, అష్టాచెమ్మాకి చేస్తాం చూడు, అలాగే, లోపలి తెలుపు కనపడేదాకా. ఒక హెచ్చరిక, అరగదీసిన పిక్క కాలుతుంది, పక్కవాడి చేతికి చురక పెడతారు, ముందే చెప్పి పెట్టు. చెప్పినా పెడతారనుకో.

మీ ఇరవై ఒక్క మందిని ముగ్గురేసి ఏడు జట్లు చెయ్యి, ప్రతి జట్టులో రెండో తరగతి పిల్ల ఒకతె ఉండేలా. జట్టుకి పది పిక్కలు. విసరాలి, తెల్లవి ఎన్ని పడ్డాయి, నల్లవి ఎన్ని పడ్డాయి చెప్పాలి. ఒకటో తరగతి వాళ్ళు లెక్కపెడతారు, రెండో తరగతి పిల్ల పలక మీద 3+7 అని రాస్తుంది. మంగళవారమంతా ఇదే. నువ్వేం చెప్పకు. బుధవారమో గురువారమో ఎవడో ఒకడు తెల్లవి మాత్రమే లెక్కపెట్టి, నల్లవాటి వైపు చూడకుండానే "ఏడు" అంటాడు. పక్కవాడు నమ్మడు, లెక్కపెట్టి చూస్తాడు, ఏడే. ఆ పూట ఆ గదిలో ఉండాలి టీచరమ్మా, ఇరవై రెండేళ్ళయినా నాకు అది పాతబడలేదు. తర్వాత జట్టులో ఒకరు నల్లవాటిని చేత్తో మూసేస్తారు, మిగతావాళ్ళు ఎన్నో చెప్పాలి. తీసివేత వచ్చేసినట్టే, నువ్వు ఆ మాట పలకకుండానే.

తెలుగుకి పిల్లల నోటి మాట. సోమవారం పొద్దున్నే "ఇంట్లో ఏం జరిగింది" అని అడుగు. అందరూ ఒకేసారి అరుస్తారు, ఒక్క వాక్యం ఎంచుకుని వాళ్ళు అన్నది అన్నట్టే బోర్డు మీద పెద్దగా రాయి. మా బళ్ళో ఈ ఏడాది మొదటి వాక్యం "మా గేదె ఈనింది." ఒత్తు ఒక్కటి కూడా లేదు చూడు. ఒకటో తరగతి వాళ్ళు అందులో "మా" ఎక్కడుందో వెతికారు, మామ, మామిడి, మాట అంటూ వాళ్ళకి తెలిసినవన్నీ చెప్పారు. రెండో తరగతి వాళ్ళు వాక్యం మొత్తం చదివి రాసుకున్నారు. మంగళవారం దాని కింద "దూడది నలుపు రంగు." బుధవారం "జున్ను పెట్టారు." జున్నులో ఒత్తు వచ్చింది, ఆ రోజు నకి న ఒత్తు. పుస్తకంలో ఆ పాఠం ఎప్పుడొస్తుందో నేను చూసుకోలేదు, జున్ను వచ్చిన రోజే నేర్పేశా. శుక్రవారానికి ఐదు వాక్యాలు, అదే వాళ్ళ పాఠం, చూడకుండా చదివేస్తారు. చూడకుండా చెప్తే చదవడం ఎలా అవుతుందని అనుమానం వస్తుంది, అందుకే గురువారం ఆ వాక్యాల్ని అట్టముక్కల మీద రాసి పదాలుగా కత్తిరించి కలిపేసి ఇవ్వాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరు చదువుతున్నారో, ఎవరు పాట పాడుతున్నారో.

కార్డులు కావాలంటే కలర్ ప్రింట్లు వద్దు, క్యాలెండర్ వెనక వైపు కత్తిరించుకో. ప, ల, క, త, వ, ర ఈ ఆరూ ఒక్కొక్కటి నాలుగేసి చాలు. "పలక" పేర్చమని, దాన్నే వెనక నుంచి చదవమను. కలప. "తల" తిప్పితే లత. మా క్లాసులో లత అనే పాప ఉంది, ఆ రోజంతా అందరూ ఆమె తల పట్టుకుని చూసుకున్నారు.

శనివారం మీకు నో బ్యాగ్ డే కదా, తోటలోకో వీధిలోకో తీసుకెళ్ళు, ఎక్కువ ఆలోచించకు.

ఇంకో_సార్

మేడమ్ చెప్పింది వినడానికి బాగుంది. నేను పదకొండేళ్ళ సర్వీసులో ఉన్నాను కాబట్టి అడుగుతున్నా, ఇదంతా ఏ టైములో? పొద్దున్న పిల్లల హాజరు యాప్‌లో, తర్వాత భోజనం లెక్క, తర్వాత ఏదో ఒక ఫొటో అప్‌లోడ్, సిగ్నల్ కోసం ట్యాంకు దగ్గరికి నడక. తనిఖీకి వచ్చినవాళ్ళు పిక్కలు చూడరు, వర్క్‌బుక్‌లో ఎన్ని పేజీలు అయ్యాయి, దిద్దారా లేదా అని చూస్తారు. పోయినేడు నేను ఇలాగే పిల్లల్ని బయట కూర్చోబెట్టి ఆకులు ఏరిస్తుంటే వచ్చినాయన "క్లాసు లేదా?" అన్నాడు. దానికేం చెప్పాలి?

పలకాబలపం

సార్, మీరన్నది అబద్ధం కాదు. నేనైతే రెండు పనులు చేస్తా. పీరియడ్ ప్లాన్‌లో "పిక్కల ఆట" అని రాయను, "10 లోపు సంఖ్యల కూడిక, తీసివేత, వస్తువులతో" అని రాస్తా, చేసేది అదే కదా. రెండోది, రోజూ వచ్చిన వాక్యాన్ని తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాయిస్తా. నెలాఖరుకి ఇరవై పైచిలుకు వాక్యాలుంటాయి, మొదటి వారం చేతిరాతకి నాలుగో వారం చేతిరాతకి తేడా ఎవరికైనా కనపడుతుంది. వచ్చినాయనకి పుస్తకం చూపించే బదులు ఒక పిల్లని పిలిచి చదివించండి. వర్క్‌బుక్ పేజీలు వెనకబడతాయి, ఒప్పుకుంటా. పిక్కలు బాగా ఆడినవాళ్ళు ఆ కూడికల పేజీలు ఒక్క పూటలో మూడు చేసేస్తారు, అక్కడ కలిసొస్తుంది.

యాప్‌ల గురించి నా దగ్గర జవాబు లేదు. మా ట్యాంకు దగ్గర కూడా సిగ్నల్ రాదు.

ఖమ్మం_పంతులు

నాది తెలంగాణ. మా దగ్గర 2022 నుంచి తొలిమెట్టు (చిన్న తరగతులకి చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే ప్రభుత్వ కార్యక్రమం) నడుస్తోంది కాబట్టి కొంచెం అలవాటైన విషయం. మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా: పిల్లల్ని తరగతి ప్రకారం కూర్చోబెట్టకండి. మీ రెండో తరగతిలో తొమ్మిది మంది ఉన్నారన్నారు, వాళ్ళలో కనీసం ఇద్దరు ముగ్గురికి అక్షరాలే పూర్తిగా రావు, ఒకటో తరగతిలో ఒకరిద్దరు అక్కతో కూర్చుని అప్పుడే సరళ పదాలు చదివేస్తుంటారు. ఒక్క పూట కేటాయించి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూడండి. అక్షరాల దగ్గర ఆగేవాళ్ళు, సరళ పదాలు చదివేవాళ్ళు, గుణింతాలు ఒత్తులు ఉన్న వాక్యం చదివేవాళ్ళు, మూడే గ్రూపులు. తెలుగు గంటకి మాత్రం ఈ గ్రూపుల్లో కూర్చోవాలి. పేర్లు మాత్రం ఏ, బీ, సీ అని పెట్టకండి, మా స్కూల్లో అలా పెడితే ఒక పిల్లోడు ఇంటికి పోయి "నేను సీ" అని ఏడ్చాడట. ఇప్పుడు నెమలి, చిలుక, పిచ్చుక అంటున్నాం. ఏది తక్కువో పిల్లలకి తెలియకుండా పోదు గానీ కాస్త నయం.

అక్షరాల దగ్గర ఆగినవాళ్ళు ఎక్కడ తికమకపడుతున్నారో చూడండి. చాలామందికి ప, వ దగ్గర తడబాటు, ఇంకా "మ", "వు" దగ్గర. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పెద్దవాళ్ళం కాబట్టి మనకి కనపడదు. "ఆవు" అని రాస్తే "ఆమ" అని చదివినవాణ్ణి తిట్టాను నేను ఒకప్పుడు, వాడి తప్పేం లేదు.

లెక్కల్లో చీపురు పుల్లలు వాడండి. పది పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు, అది కట్ట. ఇరవై మూడు అంటే రెండు కట్టలు, మూడు పుల్లలు. తెలుగు పేర్లతో మొదలుపెట్టండి, పుస్తకం ఇంగ్లీష్‌లో ఉన్నా సరే. "ఇరవై మూడు" అనే పేరులోనే ఇరవై, మూడు వరసగా ఉన్నాయి, కట్టలు ముందు, పుల్లలు తర్వాత, పిల్లాడు విన్నట్టే పేరుస్తాడు. ఇంగ్లీష్‌లో థర్టీన్, థర్టీ దగ్గర మా వాళ్ళు వారం రోజులు ఇరుక్కుపోయారు. పుల్లలు చేతిలో ఉన్నాక ఇంగ్లీష్ పేరు నేర్పితే రెండు రోజుల పని. చిన్న ఆట ఒకటి: రోజూ హాజరైనవాళ్ళు తలా ఒక పుల్ల డబ్బాలో వేస్తారు, పదవ్వగానే కట్ట కట్టాలి, కట్టే హక్కు కోసం కొట్టుకుంటారు. శుక్రవారానికి కట్టలు విప్పకుండా ఎన్నో చెప్పమనండి.

రిటైరైన_మాస్టారు

ఈ చర్చ చూస్తే నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. మా రోజుల్లో బ్రిటిష్ వాళ్ళ సాయంతో ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) అని పెద్ద ప్రాజెక్టు వచ్చింది, ఎనభైల చివర, తొంభైల్లో. చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, చుట్టుపక్కల దొరికే వస్తువులు వాడటం, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించడం, ఇవన్నీ అప్పుడే మాకు ట్రైనింగుల్లో చెప్పారు. సూత్రాలు బంగారం లాంటివి. జరిగింది ఏంటంటే చాలా బళ్ళలో టీచర్లు రాత్రంతా కూర్చుని థర్మోకోల్‌తో కోటలు కట్టి గోడకి తగిలించారు, పిల్లల చెయ్యి తగిలితే విరిగిపోతాయని తాడు కట్టి దూరంగా ఉంచారు. నేనూ కట్టాను ఒక కోట. కాబట్టి అమ్మాయీ, నీ ఏనుగు కార్డు నమిలినవాణ్ణి ఏమీ అనకు, వాడు కనీసం దాన్ని ముట్టుకున్నాడు.

రెండో విషయం. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో నడిపే చిన్న బడులు ఒకసారి చూశాను. అన్ని తరగతుల వాళ్ళూ ఒకే గదిలో, ఒకరే టీచరు. గోడ మీద నిచ్చెన లాంటి చార్టు, ఒక్కో మెట్టుకీ ఒక బొమ్మ గుర్తు. పిల్ల వచ్చి తన మెట్టు చూసుకుని, ఆ గుర్తున్న కార్డు అరలోంచి తనే తీసుకుంటుంది. ఆ కార్డే చెప్తుంది ఎక్కడ కూర్చోవాలో: టీచరు దగ్గరా, టీచరు అప్పుడప్పుడు వచ్చిపోయే చోటా, స్నేహితుల దగ్గరా, ఒంటరిగానా. నాకు నచ్చింది ఇదే, టీచరు ఎవరి దగ్గర ఉండాలో ముందే తేలిపోయింది, మిగతావాళ్ళు ఖాళీగా లేరు. ఆ కార్డులన్నీ నువ్వు ఒక్కదానివి తయారుచేయలేవు, చేయనూ వద్దు. గదిని నాలుగు మూలలుగా చూసుకో చాలు. ఈ వారం ఈ మూల నాది, ఆ మూల వాళ్ళది.

ఒక_తండ్రి

నేను టీచర్ని కాదు, మా బాబు రెండో తరగతి గవర్నమెంట్ బళ్ళోనే. కోపం తెచ్చుకోకండి, మాకూ టెన్షన్ ఉంటుంది. రోజూ "ఏం చేశావురా" అంటే "ఆడుకున్నా" అంటాడు, పుస్తకం చూస్తే ఖాళీ. పక్కింటి వాళ్ళ పిల్లాడు ప్రైవేటు స్కూల్లో నాలుగు పేజీలు రాసుకొస్తాడు. మా ఆవిడ అదే చూస్తుంది. ఏం నేర్చుకున్నాడో మాకు తెలిసేలా ఏదో ఒకటి ఇంటికి పంపితే చాలు, మేము గేటు దగ్గరికి రాము.

పలకాబలపం

తమ్ముడూ, న్యాయంగా అడిగావు. నేను శుక్రవారం పది పిక్కలు పొట్లం కట్టి ఇంటికి పంపుతా, అమ్మతోనో నాయనమ్మతోనో ఆడి సోమవారం తేవాలి. ఒక నాయనమ్మ నన్ను సంతలో ఆపి "మా మనవడు నన్ను ఓడిస్తున్నాడమ్మా, చూడకుండా చెప్పేస్తున్నాడు" అంది. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి హోంవర్క్ ఏదని ఎవరూ అడగలేదు. పది వెళ్తే ఏడే తిరిగొస్తాయి, అది మాత్రం భరించాలి.

కొండ_మీది_బడి

సీతంపేట ఏజెన్సీ నుంచి. మా పిల్లలు సవర (ఇక్కడి గిరిజనుల భాష) మాట్లాడతారు, నాకు పూర్తిగా రాదు. పిల్లల నోటి మాట బోర్డు మీద రాయడం మా దగ్గర కూడా చేస్తాను, కాకపోతే వాళ్ళు సవరలో చెప్తారు, ఐదో తరగతి అమ్మాయి తెలుగులో చెప్తుంది, నేను రెండూ తెలుగు లిపిలోనే ఒకదాని కింద ఒకటి రాస్తా. నా సవర ఉచ్చారణ విని నవ్వుతారు, సరిదిద్దుతారు. అలా నన్ను సరిదిద్దిన పిల్లలే తర్వాత తెలుగులో తప్పు మాట్లాడటానికి భయపడటం మానేశారు. బంజారా పిల్లలో, ఎరుకల పిల్లలో మీ క్లాసులో ఉంటే, ఇంట్లో వాళ్ళు మాట్లాడే మాట వేరైతే, మొదటి వారాలు మౌనంగా ఉంటారు, మొద్దులనుకోకండి.

కొత్త_టీచరమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక వారం చేసి చూసి వచ్చి రాస్తున్నా.

పిక్కలు హిట్. పలకాబలపం అక్కా, చురకల గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం, సోమవారమే ముగ్గురు ఏడ్చారు. గురువారం దాకా నేనేం చెప్పలేదు, మధ్యలో రెండుసార్లు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నా. చూడకుండా "ఆరు" అన్నది ఎవరనుకున్నారు, కార్డు నమిలిన వాడే.

ఖమ్మం సార్ చెప్పినట్టు ఒక్కొక్కరినీ చదివించి చూశా. రెండో తరగతిలో నలుగురికి అక్షరాలు పూర్తిగా రావు, రెండు నెలలుగా వాళ్ళు పక్కవాళ్ళని చూసి పెదాలు కదుపుతున్నారు, నాకు తెలియనే లేదు. గ్రూపులకి మాత్రం పేర్లే పెట్టలేదు, కిటికీ మూల, బీరువా మూల, తలుపు మూల అంటున్నాం. పుల్లల డబ్బా రెండో రోజే పోయింది, వంటావిడ పొయ్యిలో వేసేసింది, వచ్చే వారం మళ్ళీ మొదలు. కత్తిరించిన పదాలు కూడా సరిగ్గా కుదరలేదు, ఫ్యాన్ వేసి ఉంచా, మొత్తం ఎగిరిపోయాయి.

వాక్యాల సంగతి. సోమవారం నేను గేదో పండగో వస్తుందనుకున్నా. ఒక పాప లేచి "మా బోరులో నీళ్ళు పడలేదు" అంది. రాయాలా వద్దా అని ఒక్క క్షణం ఆగా. అన్నది అన్నట్టే రాయమన్నారుగా, రాశా. మంగళవారం ఎన్ని అడుగులు వేశారని వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు, ఆరొందలు, ఏడొందల యాభై, మా బాబాయిది ఎనిమిదొందలు. ఒకటో తరగతి పిల్లలు, పాఠంలో వంద దాకా కూడా రాలేదు ఇంకా. ఏది లోతు అని వాదించుకుని, ఎనిమిదొందలదే లోతని తేల్చుకున్నారు, దాన్నే రెండో వాక్యంగా రాశాం. బుధవారం ఎవరూ ఏమీ చెప్పలేదు, "బడి వెనక చింతచెట్టు ఉంది" అని నేనే రాశా, చదివారు గానీ ఎవరికీ పట్టలేదు. నాది కదా.

శనివారం పలకలు చేసే షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళా, మార్కాపురం చుట్టుపక్కల కదా, ఇద్దరి తల్లులు అక్కడే పనిచేస్తారు. వాళ్ళమ్మ రాయిని పొరలు పొరలుగా విడదీస్తుంటే ఒకడు నిలబడి చూసిన చూపు... మట్టి అక్షరాల రోజు గేటు దగ్గరికి వచ్చినవాళ్ళలో ఆవిడ ఒకరు. నన్ను చూసి నవ్వింది, తలా ఒక విరిగిన ముక్క ఇచ్చి పంపింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నిన్న వచ్చేటప్పుడు కార్డు నమిలిన వాడు చెయ్యి పట్టుకుని చెప్పాడు, వాళ్ళింట్లో కోడిని పొదగేశారట, తొమ్మిది గుడ్లు, సోమవారం అదే రాయాలట. ఇరవై ఒక్క రోజులు కదా, రెండు కట్టలు ఒక పుల్ల, రోజుకో పుల్ల తీసేస్తూ పోదామని అనుకుంటున్నా. లెక్కేస్తే కోడిపిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చేసరికి సంక్రాంతి సెలవులు పడుతున్నాయి. చివరి పుల్లలు తీయడానికి బడి ఉండదు. ఎవరైనా ఇలాంటిది చేశారా? డబ్బా వాడింటికే పంపించేయనా? పంపితే ఈసారి పొయ్యిలోకి పోకుండా ఏదైనా ఉపాయం చెప్పండి.